హిందూపురం మంచినీళ్లు

“మొదటిది పడగానే లాగొద్దురా” అన్నాడు రాఘవేంద్ర. “కాసేపు ఊరికే ఉండు. అది కొట్టుకుంటాంటే, ఏందబ్బా అని మిగతావి వస్తాయి.”

హరీష్ చేతిలో దారం సన్నగా వణికింది. ఒకే దారానికి వరసగా ఆరు చిన్న గాలాలు, అడుగున సీసం గుండు. గాలాలకు వానపాము లేదు, పిండి లేదు. జరీ పోగులు కట్టి ఉన్నాయి. ఆ తళుకు చూసి పురుగనుకుని చిన్న చేపలు నోరు పెడతాయి. వాటిని ప్రాణంతో పట్టి, బకెట్లో పెట్టుకుని, పడవలో లోపలికి పోయి పెద్ద చేపకు ఎర వేయాలి.

జరీ కట్టింది హరీష్ భార్య మాధవి. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. సూదీ జరీ ముందేసుకుని నిన్న రాత్రి లాడ్జి వరండాలో చాలాసేపు కూర్చుంది.

“ఇప్పుడు లాగు!”

నాలుగు చేపలు ఒక్కసారే పైకొచ్చాయి. హరీష్ చిన్నపిల్లాడిలా కేకేశాడు. రాఘవేంద్ర కూడా నవ్వాడు. పెదనాన్న కొడుకు. తమ్ముడికి సైకిల్ నేర్పింది ఆయనే.

లేపాక్షి రోడ్డు పొలం ఇద్దరి పేరునా ఉంది. అమ్ముదామని అన్న, అమ్మనని తమ్ముడు. ఏళ్ల తరబడి అదే రభస. ఈమధ్య రాఘవేంద్ర ఆ ఊసెత్తడం మానేశాడు. ‘నీకు సముద్రం చూపిస్తా రా’ అని కన్నడదేశపు ఒడ్డుకు కారు తీశాడు. అన్న మనసు మారిందని హరీష్ పొంగిపోయాడు, పిచ్చి మారాజు.

హరీష్‌కు ఈత రాదు. హిందూపురంలో ఈదేటన్ని నీళ్లు ఎక్కడేడ్చాయి? అందుకే పడవాయన లైఫ్ జాకెట్ తప్పనిసరి అని నిన్ననే ఒకటి ఇచ్చాడు. అది కారు డిక్కీలో ఉంది. నిన్న సాయంత్రం, అందరూ టీకి పోయినప్పుడు, రాఘవేంద్ర ఆ జాకెట్ బెల్టును లోపలి వైపు బ్లేడుతో కోశాడు. తెగీ తెగనట్టు. చూడ్డానికి బాగానే ఉంటుంది. నీళ్లలో పడి నాలుగుసార్లు కొట్టుకుంటే ఊడిపోతుంది. మిగతాది సముద్రమే చూసుకుంటుంది.

తర్వాత మాధవి. ఆ పిల్ల నోట్లో నాలుక లేనిది. సంతకం పెట్టమంటే పెడుతుంది. పొద్దున్నే చూడు, చేపల గంపామె పక్కన కూర్చుని కన్నడంలో ఏదో ముచ్చట! ఆడోళ్లకు యాడికి పోయినా మాటలే అనుకున్నాడు రాఘవేంద్ర.

బకెట్ నిండింది. వెండి రేకుల్లాంటి చేపలు గిరగిరా తిరుగుతున్నాయి.

“ఎర బతికుండాల. సచ్చిందంటే పెద్ద చేప మూతి కూడా పెట్టదు” అన్నాడు రాఘవేంద్ర. “బకెట్ చూస్తాండు మాధవీ. పడవాయన్ను పిల్చుకొస్తాం.”

“సరే బావా” అంది మాధవి.

అన్నదమ్ములు పడవాయనతో తిరిగొచ్చేసరికి, బకెట్ నీళ్ల మీద చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. పక్కనే ఇంటి నుంచి తెచ్చుకున్న తాగునీళ్ల క్యాన్. సగం ఖాళీ.

“ఏం చేసినావే?” అరిచాడు హరీష్.

“ఎండకు సొమ్మసిల్లిపోతాండాయని...” మాధవి తల దించుకుంది. “పాపం, ఆ ఉప్పునీళ్లలో ఎట్ల బతుకుతాయి? అవి పారబోసి మన మంచినీళ్లు పోసినా.”

పడవాయన కన్నడంలో నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఉప్పునీళ్ల చేపకు మంచినీళ్లే విషం తల్లీ అన్నాడు. మళ్లీ పట్టడానికి లేదు. ఎండెక్కితే చిన్న చేప ఒడ్డున ఉండదు. పైగా గాలి లేస్తోంది. ఈ రోజుకు పడవ కదలదు.

హరీష్‌కు కోపం పోయి నవ్వొచ్చింది. “నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని కొట్లాడే ఊరిదన్నా ఇది. మంచినీళ్ల కంటే మేలైంది ఇంకోటి ఉండాదని దీనికేం తెలుసు?”

రాఘవేంద్ర కూడా నవ్వాల్సి వచ్చింది. ఎన్ని నెలల ఏర్పాటు! ఒక తెలివితక్కువది, ఒక క్యాన్ నీళ్లు. అంతా గంగలో కలిసింది.

“పోనీలే. రేపు పోదాంలేరా” అన్నాడు మామూలుగా.

“వద్దన్నా. రేపు బోరు మోటారు పైకి తీయించల్ల. పోదాం పా. మళ్లెప్పుడన్నా వద్దాం.”

హరీష్ పడవాయనతో కలిసి బకెట్ కడగడానికి పోయాడు. ఇదే అదును. కోసిన బెల్టు ఎవరి కంటా పడకముందే జాకెట్‌ను మాయం చేయాలి. రాఘవేంద్ర గబగబా కారు డిక్కీ తెరిచాడు. జాకెట్ బయటికి లాగి బెల్టు తిప్పి చూశాడు.

కోత లేదు. కోసిన చోట దట్టంగా కుట్లు. కుట్ల నిండా జరీ.

వెనక అలికిడైంది. మాధవి వచ్చి, ఆయన పక్కనే క్యాన్‌ను డిక్కీలో పెట్టి, మూత బిగిస్తూ మెల్లగా అంది.

“ఏ నీళ్లు పోస్తే ఈ చేపలు చస్తాయని పొద్దున ఆ గంపామెనే అడిగినా బావా.”