గడ్డిలో నడక

“సెలవు మీద ఇంటికొచ్చి కూడా తుపాకుల ఆటేనా? సరిహద్దులో కాల్చింది చాల్లేదా?” బోర్ష్ సూప్ గిన్నె బల్లమీద ఠక్కున పెట్టింది భార్య హలీనా.

యారెమా కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు. “తుపాకుల్లేవు. శత్రువుల్లేరు. అందర్నీ తీసేసేలా ఆటని మార్చే మాడ్ ఒకటి ఎవరో అభిమాని చేసిపెట్టాడు.”

“మరి ఈ పాత ఆటలో ఇంకేం మిగిలింది, నీ మొహం!”

“గడ్డి.”

ఆమె వంగి చూసింది. నిజమే. ఆటలోని చెర్నోబిల్ పక్కన మోకాలెత్తు గడ్డిలో, దూరంగా ఉన్న ఒక చెట్టు వైపు ఊరికే నడుస్తున్నాడు.

“పొద్దున పుట్టగొడుగులు ఏరడానికి అడవికి రమ్మంటే తారురోడ్డు దిగనన్నావ్!”

“ఇందులో మందుపాతరలు కూడా పీకేశాడు.”

హలీనా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. “ఆ చెట్టుదాకా నన్నూ తీసుకెళ్లు.”

“సరే. నా అడుగు పడ్డచోటే అడుగెయ్,” అన్నాడు యారెమా.