నవ్వే మొగం

"నవ్వే మొగాన్ని నొక్కితే సాలు పెద్దాయనా. పాపకు బెదురు తగ్గాలంటే ముందు కంప్యూటర్లో ఈ ఆట, తర్వాత నాతో మాటలు," అంది కౌన్సెలర్ నీరజ.

బడికి పోనని పది దినాలుగా మొండికేసిన యమున మౌసు ముట్టలేదు. మనవరాలికి చూపిద్దామని మదనపల్లె టమోటా యార్డులో కాయలు ఏరే వెంకటేశులే కూర్చున్నాడు. తెరమీద నాలుగు మొగాలు, ఒక్కటే నవ్వేది. టక్కున కోపంగా ఉన్న మొగాన్ని నొక్కాడు. పదిసార్లూ అంతే. మార్కులు సున్నా.

"యాల తాతా, అన్నీ తప్పే నొక్కినావు?" యమునకు నవ్వాగలేదు.

"నలభై ఏండ్లుగా బాక్సులో కుళ్ళిన కాయ యాడుండాదో అదే సూస్తాండాను. బాగుండేది నా కంటికి ఆనదమ్మా."

యమున పోయి నీరజ పక్కన కుర్చీలో కూర్చుంది. "సరే, ఇంక మాటలు. ఉన్నదున్నట్టు చెప్పు తాతా, నీకు ఏమంటే భయం?"

ఆయన మౌసును అటూ ఇటూ జరిపాడు. "నువ్వెక్కే బడి ఆటో యాడ బోల్తా పడతాదో అని. దినామూ నీకు చెప్పేదీ అదే గదా."

నీరజ రాసుకోవడం ఆపింది.

"అయితే రేపు ఆటోలో నాతో రా తాతా," అంది యమున. "భయమేస్తే నా చెయ్యి పట్టుకో."