మంచుగట్టు మీద రెండు పోతులు

గడ్డిపోచైనా మొలవని మంచుగట్టు అది. ఇటు మందకు కాపలా కాసే పోతు ఒకటి, అటు మందకు కాపలా కాసే పోతు ఒకటి, రెండూ జడలబర్రె జాతివే, ఆ గట్టు మాదంటే మాదని తలకు తల ఆనించి తోసుకుంటున్నాయి. కొమ్ములు వాడకూడదని తాతలనాటి ఒప్పందం మరి.

వాటి కాళ్ళకిందే బొరియలో పిల్లల్ని పెట్టుకున్న కుందేలమ్మ ప్రాణం గిలగిల్లాడింది.

"నాయనలారా, కాస్త పక్కకి జరిగి తోసుకోండి. నా పిల్లలు నలిగిపోతారు."

"ముందు ఆ జులపాలవాణ్ణి జరగమనవమ్మా!" అన్నాయి రెండూ ఒక్కసారే.

అంతలో పైనుంచి మంచుచరియ విరిగిపడింది. వేరే దారిలేక పోతులు భుజానికి భుజం ఆనించి నిలబడ్డాయి. కొండంత మంచు వాటికి తగిలి చీలి, బొరియకు చెరోపక్కగా జారిపోయింది.

కుందేలమ్మ పోతులకేసి తలెత్తి చూసింది. దేవుడు వీళ్ళకి ఇంత బలమిచ్చాడా!

పోతులు మంచు దులుపుకుని మళ్ళీ తలలు ఆనించాయి.

ఆ బలానికో దండం పెట్టి, కుందేలమ్మ పిల్లల్ని నోట కరుచుకుని దిగువకు నడిచింది.