ఏడో తరగతిలో ఏథెన్స్

"ఏథెన్స్‌లో అందరి మాటా చెల్లేది" అని తెనాలి బళ్లో సత్యవేణి టీచరు నోట్సు రాయించి, ఏథెన్స్ పద్ధతిలో జట్ల పోటీ మొదలుపెట్టమని పాఠాలు చెప్పే కంప్యూటరు గోడకు పురమాయించింది. పావుగంటలో గదంతా ఏథెన్స్ అయిపోయింది. నువ్వు బానిసవంటే నువ్వు బానిసవని పిల్లలు బల్లలెక్కి కొట్టుకుంటున్నారు.

"ఇక ఆపు!" అని గోడను కసిరింది టీచరు.

"ఆడవాళ్ల మాట సభలో చెల్లదు," అంది గోడ.

క్లాసు లీడరు కుర్రాడిచేత చెప్పించింది. పిల్లల మాటా చెల్లదంది గోడ. అటెండరు మస్తానయ్యను పిలిపించి చెప్పించింది.

"ఈయన సొంతూరు కావలి. పరాయి ఊరివాళ్ల మాటా చెల్లదు."

"నీ దుంప తెగ! మరెవరి మాట వింటావే?" అని టీచరు తల పట్టుకుంది.

బల్ల మీంచి హిమజ నోట్సు ఎత్తి చూపించింది.

"టీచర్, అందరి మాటా చెల్లేదని రాయించారే, అది కొట్టెయ్యమంటారా?"