సిస్టర్ కొలెట్ విరిచిన బెత్తం

"మోకాళ్ళ మీద మాత్రం కూర్చోను మాస్టారూ. కావాలంటే ఉద్యోగం మానేస్తాను," అన్నాడు మ్వాపే.

సగం సర్దిన పెట్టె మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. కబాసో మాస్టారు గుమ్మం దగ్గరి స్టూలు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ దాని వంక చూశాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి. రిటైరై చాలాకాలమైనా బడి ఆవరణలోని చిన్న గదిలోనే ఉంటున్నాడు. ఎవరి కోపమైనా చల్లార్చాల్సి వస్తే హెడ్మిస్ట్రెస్ ఆయన్నే పంపుతుంది.

"ఏడో తరగతి పరీక్షలు ఆరు వారాల్లోకి వచ్చాయి. నువ్వు పోతే లెక్కలెవరు చెప్తారు?"

"నాలుగో తరగతి పిల్ల ముందు, బడంతా చూస్తుండగా మోకరిల్లమంటే ఎలా? పిల్లలు పెద్దలకు మోకరిల్లడం చూశాం గానీ ఇదెక్కడి చోద్యం? తెలిస్తే మా అమ్మ తల ఎత్తుకోగలదా?"

"ఈ బడి పెట్టిన సిస్టర్ కొలెట్ నాటి నుంచీ ఇక్కడ ఇంతే. చేరినప్పుడే చెప్పాం కదా నాయనా."

"చెప్పారు. ఏదో జెండా వందనం లాంటిదనుకున్నాను."

కబాసో నవ్వాడు. మ్వాపే జనవరిలోనే చేరాడు. పిల్లల్ని నొప్పించిన పెద్దలు వాళ్ళ ముందు మోకరిల్లే బడి పుట్టినరోజు పండగ ఇంకా చూడలేదు. పోయిన వారం ముతాలె అనే పిల్ల పక్కదాని పుస్తకంలో చూసి లెక్క రాసిందని చెంప మీద కొట్టాడు. చెంప రెండు రోజులు వాచింది.

"అసలు ఇది ఎలా మొదలైందో నీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"బడి పెట్టిన మొదటి ఏడాది. తల్లి లేని పసికందుల కోసం సిస్టర్ దాచిన పాలపొడి డబ్బా ఒకటి మాయమైంది. మా తరగతిలో చిసెంగా అని ఉండేవాడు. వాడి మూతి చుట్టూ తెల్లగా పొడి. ఇంట్లో వండడానికి ఏమీ లేక పొద్దున్నే కర్రపెండలం పిండి బుక్కి వచ్చాడు. ఆ మాటే చెప్పాడు కూడా. సిస్టర్ నమ్మలేదు. బెత్తం తీసుకుంది. వాడి చిటికెన వేలు విరిగింది."

"అయ్యో."

"మర్నాడు వాడు జ్వరంతో ఇంట్లో పడుంటే, ఇక్కడ ఇంకో డబ్బా పోయింది."

మ్వాపే చొక్కా మడతపెట్టడం ఆపాడు. "అయితే దొంగ వాడు కాదన్నమాట."

"కాదు. సిస్టర్ మూడు గంటలు నడిచి వాళ్ళ ఊరు వెళ్ళింది. వాకిట్లో మోకరిల్లి వాణ్ణీ, వాళ్ళమ్మనూ క్షమించమని అడిగింది. బెత్తం అక్కడే విరిచేసింది."

"మరి అసలు దొంగ?"

"ఎవరని ఆవిడ అడగనే లేదు. అడిగితే మళ్ళీ బెత్తం వెతుక్కోవాల్సి వస్తుందంది."

"చిసెంగా ఏమయ్యాడు?"

"మళ్ళీ బడి మొహం చూడలేదు. సరస్సు మీద చేపలు పట్టుకుంటూ బతికాడు. ఎల్లుండి పండగలో ముందు వరసలో కూర్చుంటాడు, చూద్దువు గాని."

మ్వాపే తల అడ్డంగా ఊపాడు. "ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఈ పిల్ల నిజంగానే కాపీ కొట్టింది మాస్టారూ."

"కొట్టింది. చెంప వాయించమని లెక్కల పుస్తకంలో ఉందా?"

మ్వాపే ఉన్నట్టుండి అడిగాడు. "మీరెన్నిసార్లు మోకరిల్లారు?"

"నేనా? ఒక్కసారీ లేదు. నలభై ఏళ్ళలో ఒక్క పిల్ల మీదా చెయ్యెత్తలేదు."

"మరి అదెంత కష్టమో మీకేం తెలుసు? కథ చెప్పడం తేలికే."

కబాసో మోకాలు రుద్దుకోవడం ఆపాడు.

"నిజమే నాయనా," అని లేచి వెళ్ళిపోయాడు.

పండగ రోజు పొద్దున్నే ఆయన ప్రతి ఏడూ లాగే వెళ్ళి చిసెంగాను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. తొక్కే ఓపిక లేక దారి పొడవునా తోసుకుంటూ నడిచాడు. చిసెంగాకు చదవడం రాదు. కూతురు ఫోనుకు పంపే కబుర్లన్నీ కబాసోయే చదివి పెడతాడు. వానాకాలం ముందు గుడిసె కప్పు కూడా ఆయనే దగ్గరుండి నేయిస్తాడు. ఇలాంటి స్నేహం ఎక్కడా చూడలేదని ఊరంతా అంటుంది.

చర్చి పక్క మైదానంలో పిల్లలు బారులు తీరారు. హెడ్మిస్ట్రెస్ ఒక బెత్తం విరిచి కింద పడేసింది.

"ఎవరినైనా నొప్పించిన పెద్దలుంటే ముందుకు రండి," అంది.

ఎవరూ కదల్లేదు. కబాసో మ్వాపే వైపు చూడలేదు. తన చేతుల వంకే చూసుకుంటున్నాడు.

మ్వాపే లేచాడు. నాలుగో తరగతి వరస దగ్గరికి వెళ్ళి, ముతాలె ముందు దుమ్ములో మోకరిల్లాడు. భయపడి ఆ పిల్ల కూడా మోకరిల్లింది. పిల్లలంతా గొల్లున నవ్వారు.

"నిన్ను కొట్టకూడదు నేను. క్షమించమ్మా."

"సరే సార్," అంది ముతాలె. కాస్త ఆగి, "నేనూ చూసి రాయకూడదు," అంది.

తల్లులు సంతోషంతో నాలుకలాడిస్తూ కూతలు వేశారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మ్వాపే కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వచ్చేసరికి, ఏటా చెప్పే కథ చెప్పడానికి కబాసో మాస్టారు లేచాడు.

మైకు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. చిసెంగా ముందు ఆగి, ఆయన కుర్చీ చేతిని పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాడు. పడిపోతున్నాడనుకుని మ్వాపే పరుగెత్తాడు. కబాసో వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏంట్రా ఇది? లే. పిల్లలు కథ కోసం చూస్తున్నారు," అన్నాడు చిసెంగా.

కబాసో ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"రెండు డబ్బాలూ నేనే తిన్నానురా."