పరీక్షయ్యాక

స్కూలు గేటు కనబడగానే గెంగ్ ఫూషన్ చొక్కా చేతికున్న నల్ల పట్టీ విప్పి జేబులో కుక్కుకున్నాడు. ఇంట్లో మనిషి పోతే కట్టుకునే పట్టీ అది. కూతురి కంట పడకూడదు.

తల్లి పోయిన సంగతి రుయిలాన్‌కి తెలియదు. ఇంకా పట్నం ఆసుపత్రిలోనే ఉందనుకుంటోంది. జూన్‌లో కాలేజీ ప్రవేశ పరీక్ష. అది అయ్యేదాకా చెప్పొద్దని క్లాసు టీచరు అంది. ఊరంతా అంది. ఫూషన్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. ఏడవడానికి పరీక్ష తర్వాత బోలెడు టైముంది.

భార్య ఫోన్ అతని దగ్గరే ఉంది. హాస్టల్లో ఆదివారం పూట పిల్లల ఫోన్లు పిల్లలకిస్తారు. వస్తూ వస్తూ బస్సులోంచి ఆవిడే పంపినట్టు మెసేజ్ పెట్టేవాడు. 'బాగా చదువు. ర్యాంకు తగ్గనివ్వకు.'

జవాబు వెంటనే వచ్చేది. 'అలాగే అమ్మా. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడా? ఒక్కడే కూర్చుని తాగొద్దని చెప్పు.'

తల్లి మంచాన పడి ఉందనుకుంటూ దీనికి తండ్రి గోలేమిటని విసుక్కునేవాడు. మాత్ర మాత్రం వేసుకునేవాడు.

రుయిలాన్ గేటు దగ్గరికి వచ్చింది. మండే ఎండలో స్కూలు కోటు, గొంతుదాకా జిప్పు. ఫూషన్ ఊచల సందులోంచి కుడుముల డబ్బా అందించాడు.

"ఈ ఎండలో ఆ కోటేమిటే? బుర్ర ఉడికిపోద్ది. ఇక రాసినట్టే."

"ఫ్యాను కింద కూర్చుంటా నాన్నా. చలేస్తుంది."

"చిక్కిపోయావ్. మీ అమ్మ చూస్తే నన్ను తంతది."

"అమ్మ ఈమధ్య అచ్చం నీలాగే మాట్లాడుతోంది," అని నవ్వింది.

"జబ్బు మనిషి. ఏదో ఒకటి అంటది. తిను."

కుడుముల్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. ఆమె ఒక్కటీ మిగల్చలేదు.

పరీక్ష ఆఖరి రోజు గేటు తెరిచారు. శుభమని ఎర్ర బట్టలు వేసుకొచ్చిన తల్లులు పువ్వులు పట్టుకుని ఎగబడ్డారు. ఫూషన్ గోడ పక్కన నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాడు. తీరా కూతురు ఎదురుగా వచ్చేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎలా రాశావ్?"

"బాగానే."

జేబులో చెయ్యి పెట్టాడు. పట్టీ వేళ్ళకి తగిలింది.

రుయిలాన్ ఆ జేబు వంకే చూసింది.

"పరీక్ష అయిపోయిందిగా నాన్నా. ఇక కోటు తీసెయ్యొచ్చా?"

జిప్పు లాగి కోటు విప్పింది. లోపల చొక్కా చేతికి, ఉతికి ఉతికి వెలిసిపోయిన నల్ల పట్టీ ఉంది.