అద్దంలాంటి పని

"చూడు నాన్నా, మళ్ళీ అదే!"

గీతలు పడి కమిలిపోయిన బేరింగును అద్దంబాబు తండ్రి అరచేతిలో పెట్టాడు. బాగుచేసి పంపాక షెడ్డుకి తిరిగొచ్చిన ఇంజన్లలో ఇది మూడోది. అన్నిటికీ కింద, బేరింగుల దగ్గరే రోగం. పైభాగం మాత్రం తళతళలాడుతూనే ఉంది. ఉండదా మరి? అది అద్దంబాబు పని. మూత కింద వేసే పాత గాస్కెట్ అట్టకట్టిన ఇంజన్ బ్లాకు మీద అతను గరుకు డిస్కు తిప్పాడంటే, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ పేరు ఊరికే రాలేదు.

బేరింగులు బిగించేది అతని అక్క మొగుడు. మెతకమనిషి, అడిగితే తప్ప మాట్లాడడు. అలాంటివాళ్ళనే నమ్మకూడదని అద్దంబాబు గట్టి అభిప్రాయం.

"బావ మంచి సరుకు మాయం చేసి నాసిరకం వేస్తున్నాడు. లేకపోతే బేరింగుల డబ్బాకి తాళం ఎందుకు?"

"దుమ్ము పడకూడదనిరా," అంది అక్క గుమ్మంలోంచే. "నీ డిస్కు రాల్చే పొడి ఆయిల్ దారుల్లోకి దిగి బేరింగుల్ని తినేస్తోందని ఆయన మొత్తుకున్నారు. ప్లాస్టిక్ బిళ్ళతో మెల్లగా గీకమన్నారు. విన్నావా?"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! డిస్కు తిప్పాక గుడ్డతో తుడుస్తూనే ఉన్నాగా?"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ అనే ముద్రతో ఈ షెడ్డు దాటితే ఆయన్ని ఇంకెవరూ గడప తొక్కనివ్వరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు. అక్కని చూస్తే అతనికి జాలేసింది కూడా. కానీ జాలిపడితే ఇంజన్లు బాగుపడవు కదా!

"ఇది మామూలు ఇంజన్ కాదు నాన్నా, పరీక్ష," అన్నాడు గొంతు తగ్గించి. "ఈసారి బేరింగులు నేనే కొని, సీలు విప్పకుండా బావకివ్వమని నీ చేతిలో పెట్టాను. బ్లాకు తోమేసి, దారిలో ఆగిన లారీని చూడ్డానికి పొరుగూరు వెళ్ళాను. వచ్చేసరికి ఇంజన్ మూసేసి ఉంది. నెల తిరక్కుండా ఇదీ గతి!"

తండ్రి బేరింగును వెలుతురుకి తిప్పి చూశాడు. "పైన తోమింది నువ్వేనా?"

"నేనే."

"డిస్కుతోనే?"

"డిస్కుతోనే. అద్దంలా చేశాను. అక్కడ వేలుపెట్టి చూపించమను ఎవర్నయినా! బావ బజారు నుంచి రాకముందే తేల్చెయ్ నాన్నా. ఆయనుంటే మన షెడ్డు మునుగుతుంది."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు అన్నాక నాకూ అనుమానం పట్టుకుందిరా," అన్నాడు తండ్రి.

అద్దంబాబు అక్క వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు.

తండ్రి ఆ బేరింగును కొడుకు చేతిలోనే పెట్టి, గుప్పిట మూశాడు.

"దీన్ని బిగించింది నేనురా."